అల్గారిథంలను విమర్శించే ఆర్టిస్టు అవే అల్గారిథంలను వాడవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు బొమ్మలు వేస్తారు. వాటిని ఆన్‌లైన్‌లో పెడుతూ పెడుతూ, తర్వాత ఏ బొమ్మ వేయాలో కూడా ఫీడే, అంటే ఏ పోస్టు ముందు చూపించాలో అల్గారిథం లెక్కగట్టి పేర్చే వరుసే, తేలుస్తోందని మీకు అనిపించడం మొదలైంది. దీని మీద ఒక సిరీస్ చేయాలని ఉంది. అయితే కంప్యూటర్‌తోనో ఏఐతోనో చేస్తే వాటిని విమర్శించే హక్కు పోతుందేమోనని సందేహం. చేత్తో వేస్తే, కాలం మారినందుకు బాధపడుతున్నట్టు మాత్రమే ఉంటుందేమోనని ఇంకో భయం. అసలు గట్టి విమర్శ అంటే ఎలా ఉంటుందో చెప్పమన్నారు.

నేను చాలాకాలం ప్రింట్‌మేకింగ్ చేశాను. తర్వాత కోడ్, కెమెరాలు, సెన్సర్లతో ఇన్‌స్టలేషన్లు (గదిలో వస్తువులు అమర్చి చేసే కళ) చేయడం మొదలుపెట్టాను. కొత్తగా వస్తున్న ఆర్టిస్టులకు వర్క్‌షాపులు కూడా నడుపుతాను. మీరు అడిగింది అక్కడ దాదాపు ప్రతిసారీ వచ్చే ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే, వాడవచ్చు. ఏ పరికరం వాడాలన్నది తర్వాతి సంగతి. దేన్ని విమర్శిస్తున్నారో ముందు తేల్చుకోవాలి. ‘అల్గారిథం’ అనే పెద్ద భూతాన్ని విమర్శిస్తే, పెన్సిలుతో చేసినా ఏఐతో చేసినా ఆ పని పేలవంగానే ఉంటుంది. ఆ వ్యవస్థ లోపల ఎవరో మనుషులు తీసుకున్న ఒకే ఒక్క నిర్ణయాన్ని పట్టుకోండి. ఆ నిర్ణయం చూసేవాళ్లకు అనుభవంలోకి వచ్చేలా చేయండి. అప్పుడు దేనితో చేసినా తగులుతుంది.

ఎందుకు ఇలా అంటున్నానో చెబుతాను.

నా దగ్గరికి వచ్చే పోర్ట్‌ఫోలియోల్లో కొన్ని బొమ్మలు మళ్లీ మళ్లీ కనబడతాయి. నీలి వెలుగు పడిన ముఖం, ఆ ముఖం మీద సున్నాలూ ఒకట్లూ, మనిషి చేతులకు తాళ్లు కట్టి తోలుబొమ్మలా ఆడిస్తున్న ఫోను, తలలోంచి బయటికొచ్చిన సర్క్యూట్ బోర్డు. వేసినవాళ్ల బాధ నిజమే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ బొమ్మ చూసేవాళ్లకు చెప్పేది ఏమిటి? ఇదొక మహాశక్తి, మనం దాని ముందు ఏమీ చేయలేం అని. ఆ కంపెనీలు తమ పెట్టుబడిదార్లకు చెప్పుకునేదీ ఆ మాటే. విమర్శ అనుకుని వేసిన బొమ్మ వాళ్ల గొప్పను ఇంకాస్త పెంచుతుంది.

మీ ఫీడ్‌నే తీసుకోండి. ఒక పోస్టును పైకి తేవాలా కిందికి నెట్టాలా అని చూసేటప్పుడు ఆ వ్యవస్థ కొన్నిటిని అంచనా వేస్తుంది. మీరు దాని దగ్గర ఎంతసేపు ఆగుతారు, లైక్ కొడతారా, కామెంట్ పెడతారా, ఇంకొకరికి పంపుతారా. ఒక్కోదానికి ఒక్కో బరువు ఇచ్చి, అన్నీ కలిపి ఒక స్కోరు కడుతుంది. ఆ బరువులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2017లో ఫేస్‌బుక్ తన ఎమోజీ రియాక్షన్లకు, కోపం ఎమోజీతో సహా, మామూలు లైక్ కన్నా ఐదు రెట్లు బరువు ఇచ్చింది. కోపం ఎక్కువగా వచ్చే పోస్టుల్లో తప్పుడు సమాచారం ఎక్కువగా ఉంటోందని వాళ్ల సొంత పరిశోధకులే తర్వాత తేల్చారు. చివరికి కోపం ఎమోజీ బరువును సున్నా చేశారు. 2021లో కంపెనీ లోపలి కాగితాలు బయటికి రాబట్టి ఇదంతా మనకు తెలిసింది. ఐదు అన్న ఆ అంకెను పెట్టింది మనుషులే, సున్నా చేసిందీ మనుషులే. ఒక ఆర్టిస్టుకు పట్టు దొరికేది ఇలాంటి చోట.

బెన్ గ్రోసర్ అనే అమెరికన్ ఆర్టిస్టు 2012లో ‘ఫేస్‌బుక్ డిమెట్రికేటర్’ అనే పని చేశారు. అదొక చిన్న బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్. దాన్ని పెట్టుకుంటే ఫేస్‌బుక్ పేజీలో అంకెలన్నీ మాయమవుతాయి. ఎంతమందికి నచ్చిందో కనబడదు, నచ్చిందన్న సంగతి మాత్రం మిగులుతుంది. ఎన్ని కామెంట్లో తెలియదు, కామెంట్లు మాత్రం ఉంటాయి. దానికి మించి అందులో ఏమీ లేదు. అయినా దాన్ని వాడితే ఒంట్లో ఏదో మారుతుంది. ఒక పోస్టు నచ్చిందో లేదో తేల్చుకోవడానికి కళ్లు ముందు అంకె కోసం వెతుకుతాయి, అది అక్కడ ఉండదు. అంకెలను చూపించాలన్న నిర్ణయం మన ఇష్టాయిష్టాల్లోకి ఎంత లోతుగా వెళ్లిందో అప్పుడు తెలుస్తుంది. ఆయనే 2021లో ‘మైనస్’ అనే సోషల్ నెట్‌వర్క్ తయారుచేశారు. అందులో ఒక మనిషికి జీవితం మొత్తానికి 100 పోస్టులే. రెండూ టెక్నాలజీతో చేసినవే. ఒక్కోటి ఒక్క నిర్ణయాన్ని మాత్రమే పట్టుకుంది.

ఇప్పుడు నా పని ఒకటి చెబుతాను, ఎందుకంటే లేబుళ్ల విషయం, అంటే ఫొటోలకు పేర్లు పెట్టే సంగతి, నాకు అన్నిటికన్నా దగ్గరిది.

కంప్యూటర్‌కు చూడటం నేర్పడానికి వాడిన పెద్ద ఫొటో సేకరణల్లో ఇమేజ్‌నెట్ ఒకటి. 2009లో బయటికొచ్చింది. సుమారు 1 కోటి 40 లక్షల ఫొటోలు, 20 వేలకు పైగా కేటగిరీలు. ఫొటోలకు పేర్లు పెట్టే పనిని అమెజాన్ మెకానికల్ టర్క్ అనే ఆన్‌లైన్ పని వేదిక ద్వారా, ఫొటోకు ఇంత అని డబ్బు తీసుకునే మనుషులతో చేయించారు. కుర్చీకి కుర్చీ అని, కుక్కకు కుక్క అని పేరు పెడితే గొడవ లేదు. అందులో మనుషులకు కూడా వేల కేటగిరీలు ఉండేవి. ఫొటో చూసి ఒక మనిషిని ‘ఓడిపోయినవాడు’ అనో, ‘పనికిరానివాడు’ అనో వర్గీకరించేంత దూరం వెళ్లారు.

నా ఇన్‌స్టలేషన్‌లో ఒక బల్ల, ఒక తెర, ఒక ప్రింటర్ ఉండేవి. తెర మీద మా కుటుంబ ఆల్బంలోని ఫొటోలు ఒక్కొక్కటిగా వస్తాయి, అందరి అనుమతీ తీసుకుని పెట్టినవి. ప్రతి ఫొటో కింద కొన్ని పేర్లు ఉంటాయి: నమ్మదగిన మనిషి, కష్టపడే మనిషి, బద్ధకస్థుడు, అబద్ధాలకోరు, అలాంటివి. వచ్చినవాళ్లు ఒకటి ఎంచుకోవాలి. కొన్ని సెకన్లే టైము. ‘తెలియదు’ అనే బటన్ లేదు.

మొదట్లో అందరూ ఆగేవాళ్లు. ముఖం చూసి మనిషిని ఎలా చెబుతాం అని నన్నే నిలదీసేవాళ్లు. టైమర్ కదులుతుంటుంది కాబట్టి ఏదో ఒకటి నొక్కేవాళ్లు. కొన్ని ఫొటోలు గడిచేసరికి వేళ్లకు వేగం వచ్చేది, చూపు ఫొటో మీద నిలవడం తగ్గేది. చివర్లో ప్రింటర్ వాళ్లు ఇచ్చిన పేర్లన్నీ ఫొటోలతో సహా కాగితం మీద దించేది. ఆ కాగితం చేతిలోకి వచ్చాక చాలామంది అక్కడే నిలబడిపోయేవాళ్లు. ఒకావిడ ఒక పేరు మార్చుకుంటానని చాలా సీరియస్‌గా అడిగారు. మార్చే బటన్ లేదని చెబితే, మరి ఈ మనిషి ఎప్పటికీ అబద్ధాలకోరుగానే ఉండిపోతాడా అన్నారు. అవును, ఆ వ్యవస్థలో అలాగే ఉండిపోతారు. ఆ పని ఎందుకు చేశానో ఆవిడ ఒక్క ప్రశ్నలో చెప్పేశారు.

ఆ పనిలో ఏఐ అసలు లేదు. మామూలు ప్రోగ్రాం, ఒక టైమర్. యంత్రం రంగంలోకి దిగకముందే అన్యాయం జరిగిపోయిందని చూపించడమే నాకు కావలసింది. పేర్ల జాబితా రాసినప్పుడు, ‘తెలియదు’ను అందులోంచి తీసేసినప్పుడు అది జరిగింది.

ఇదే విషయాన్ని ఏఐతోనే చూపించిన పని కూడా ఉంది. 2019లో ట్రెవర్ పాగ్లెన్ అనే ఆర్టిస్టు, కేట్ క్రాఫోర్డ్ అనే పరిశోధకురాలు కలిసి ‘ఇమేజ్‌నెట్ రౌలెట్’ చేశారు. ఇమేజ్‌నెట్‌లో మనుషులకు పెట్టిన కేటగిరీల మీదే ఒక మోడల్‌ను (ఏఐ ప్రోగ్రాంను) ట్రైన్ చేసి, ఎవరైనా తమ ఫొటో ఇచ్చి ఏ పేరు వస్తుందో చూసుకునేలా పెట్టారు. కొందరికి మామూలు పేర్లు వచ్చాయి, కొందరికి జాతిని అవమానించే పేర్లు వచ్చాయి. ఆ సేకరణలో ఏళ్ల తరబడి అందరి ముందూ ఉన్న విషయమే అది. తమ ముఖం మీద ఆ పేరు పడేసరికి జనం ఉలిక్కిపడ్డారు. అదే సమయంలో ఇమేజ్‌నెట్ టీమ్ మనుషుల కేటగిరీల్లోంచి సుమారు 6 లక్షల ఫొటోలను తొలగిస్తామని ప్రకటించింది. అప్పటికే తాము ఆ పని మీద ఉన్నామని కూడా వాళ్లు చెప్పారు, ఆ మాటా చెప్పుకోవాలి. ఏమైనా, విమర్శించడానికి ఆ సాధనాన్నే వాడటం ఇక్కడ తప్పనిసరి. చేత్తో వేసిన బొమ్మ ఏదీ ఆ ఉలికిపాటు తెప్పించలేదు.

మరి విరుద్ధం కాదా అంటే, చరిత్ర చూడండి. వేరా మోల్నార్ అనే ఆర్టిస్టు 1968లో పారిస్‌లో కంప్యూటర్ దగ్గరికి చేరారు. అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే తనకు తాను నియమాలు పెట్టుకుని, వాటిని కొద్దికొద్దిగా మారుస్తూ చేత్తో గీసేవారు. ఆ పద్ధతిని ఆవిడ ‘ఊహా యంత్రం’ అన్నారు. నియమాల ప్రకారం బొమ్మ వేయడం కంపెనీలు కనిపెట్టింది కాదు, మన పనిలో ముందునుంచీ ఉంది. మనకు దాని మీద హక్కు లేదనుకోవడానికి కారణం కనబడదు. ఇక వ్యవస్థ పద్ధతినే వ్యవస్థ మీదికి తిప్పడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ హాన్స్ హాకే అనే ఆర్టిస్టు. 1970లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఆయన రెండు పారదర్శకమైన పెట్టెలు పెట్టి, వచ్చినవాళ్లతో ఓట్లు వేయించారు. అప్పటి న్యూయార్క్ గవర్నర్ రాక్‌ఫెల్లర్ అధ్యక్షుడు నిక్సన్ ఇండోచైనా (వియత్నాం ప్రాంతం) విధానాన్ని ఖండించలేదు, ఈ కారణంగా నవంబరులో ఆయనకు ఓటు వేయకుండా ఉంటారా అన్నది ప్రశ్న. ఆ మ్యూజియం పునాదిలోనే రాక్‌ఫెల్లర్ కుటుంబం ఉంది. ఓట్ల లెక్క, సర్వే, పెట్టె అన్నీ అధికారులు వాడేవే. అవి ఎటు తిరిగి ఉన్నాయన్నదే అక్కడ విషయం.

అందుకే నా పనికీ, ఇతరుల పనికీ నేను పెట్టే పరీక్ష ఒకటుంది. మీరు విమర్శిస్తున్న కంపెనీ మీ పనిని తన ఆఫీసు లాబీలో ఆనందంగా పెట్టుకుంటుందా? పెట్టుకుంటుందంటే అది అందమైన పనే కావచ్చు, విమర్శ మాత్రం కాదు. రెఫిక్ అనడోల్ చేసిన ‘అన్‌సూపర్‌వైజ్డ్’ 2022 చివర్లో అదే న్యూయార్క్ మ్యూజియం లాబీలోకి వచ్చింది. మ్యూజియం సేకరణ డేటా మీద ట్రైన్ చేసిన మోడల్, గోడంత తెర మీద ఆగకుండా మారుతూ ఉండే రంగులు. జనం దాని ముందు చాలాసేపు కూర్చున్నారు. అది విమర్శ చేయాలని వచ్చిన పని కాదు కాబట్టి దాన్ని తప్పుపట్టను. కానీ మీకు కావలసింది ఆ దారిలో లేదు. అక్కడ డేటా సముద్రంలా, కలలా కనబడుతుంది. ఎవరో కూర్చుని ఎంచినట్టు కనబడదు.

చేత్తో చేస్తే వెనకబడినట్టు ఉంటుందన్న మీ భయానికి వస్తాను. అది అక్కర్లేని భయం. ఈ రంగంలో నాకు బలంగా అనిపించిన కొన్ని పనుల్లో కోడ్ ఒక్క లైను కూడా లేదు. మిమీ ఒనుఓహా 2016లో చేసిన ‘లైబ్రరీ ఆఫ్ మిస్సింగ్ డేటాసెట్స్’ ఒక మామూలు ఫైలింగ్ క్యాబినెట్. లోపల ఫైళ్లు ఉంటాయి, ఒక్కోదాని మీద ఒక శీర్షిక ఉంటుంది. అన్నీ సమాజం సేకరించి ఉండాల్సిన, కానీ ఎవరూ సేకరించని సమాచారానికి సంబంధించినవి. తెరిస్తే ఖాళీ. దేన్ని లెక్కపెట్టారన్న దాని మీదే అందరం మాట్లాడుతుంటే, దేన్ని వదిలేశారో ఆవిడ చేత్తో పట్టుకునేలా చేశారు. సైమన్ వెకర్ట్ 2020లో ఒక చిన్న చేతిబండిలో 99 సెకండ్ హ్యాండ్ ఫోన్లు వేసుకుని బెర్లిన్ వీధుల్లో లాక్కుంటూ నడిచారు. ఫోన్లన్నిటిలో గూగుల్ మ్యాప్స్ నడుస్తోంది. ఖాళీ రోడ్డు మ్యాప్‌లో ఎర్రగా మారింది, ట్రాఫిక్ జామ్ అని. ఒక మనిషి, ఒక బండి. మ్యాప్ రోడ్డును చూడటం లేదని, ఫోన్లను మాత్రమే చూస్తోందని పిల్లలకు కూడా అర్థమవుతుంది.

నేను కూడా కొంతకాలం నా ఫీడ్‌ను పెన్సిలుతో గీశాను. వచ్చిన వరుసలోనే, ఒక్కో పోస్టుకు ఒక్కో కాగితం. ప్రకటనలతో సహా ఏదీ వదలకూడదన్నదే నియమం. ఫోనులో క్షణంలో జారిపోయే ప్రకటన మీద చాలాసేపు కూర్చోవాల్సి వచ్చేది, అది కష్టంగానే ఉండేది. కాగితాలన్నీ గోడ మీద వరుసగా పెట్టాక ఒక లయ కనబడింది. ప్రకటనలు దాదాపు సమానమైన దూరంలో వచ్చాయి. మధ్యలో తెలిసినవాళ్లవి చాలా తక్కువ, తెలియనివాళ్లవి ఎక్కువ. ఫోను పట్టుకుని ఏళ్లు గడిపినా ఈ లయ నా కంటికి ఆనలేదు, గీస్తేనే ఆనింది. చూడటానికి వచ్చినవాళ్లు వరుస వెంట నడుస్తూ, ప్రకటనల దగ్గర తమకు తెలియకుండానే అడుగు వేగం పెంచేవాళ్లు.

వర్క్‌షాపుకు వచ్చిన ఒక అమ్మాయి పని కూడా చెప్పాలి. ఆమె వాళ్ల అమ్మమ్మ మాటలు రికార్డు చేసి, మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చింది. సగానికి సగం తప్పులు వచ్చాయి. ఆ యాస దానికి తెలియదు. ఆమె ఒక గుడ్డ మీద అమ్మమ్మ అన్న మాటలను ఒక రంగు దారంతో, యంత్రం విన్న మాటలను ఇంకో రంగు దారంతో పక్కపక్కనే కుట్టింది. యంత్రాన్ని తిట్టే మాట ఒక్కటి కూడా ఆ గుడ్డ మీద లేదు. ఎవరి గొంతులు సేకరించారు, ఎవరివి సేకరించలేదు అన్న ప్రశ్న దాన్ని చూసిన ప్రతి ఒక్కరిలో పుట్టింది. ఆ అమ్మాయి పని నా పనికన్నా బాగుందని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను.

కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది, వ్యవస్థను బోల్తా కొట్టించే పనులకు ఆయుష్షు తక్కువ. ఆడమ్ హార్వీ 2010లో ‘సీవీ డాజిల్’ చేశారు. ముఖం మీద వింతగా మేకప్ వేసి, జుట్టును అడ్డంగా కత్తిరించి, ఆనాటి ఫేస్ డిటెక్షన్ సాఫ్ట్‌వేర్‌కు ముఖమే కనబడకుండా చేయడం. అప్పటి పద్ధతి ముఖంలో వెలుగు నీడలు ఎక్కడెక్కడ ఉండాలన్న లెక్క మీద నడిచేది, ఆ లెక్కను మేకప్ చెడగొట్టేది. తర్వాత న్యూరల్ నెట్‌వర్కులు (ఉదాహరణల నుంచి తామే నేర్చుకునే ప్రోగ్రాంలు) వచ్చాయి, పాత డిజైన్లు వాటి ముందు పనిచేయవు. ఆ ఫొటోలు మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి, నిరసనలకు వెళ్లేవాళ్లు కొందరు వాటిని నమ్మి వేసుకున్నారు. అది ప్రమాదం. మీ పని ఎవరికైనా రక్షణ ఇస్తుందని చెప్పేటట్టయితే, ఏ సంవత్సరం సాఫ్ట్‌వేర్ మీద పరీక్షించారో పని మీదే రాయండి. షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో తెచ్చిన గ్లేజ్, 2024లో తెచ్చిన నైట్‌షేడ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. మొదటిది మీ శైలిని ఏఐ అనుకరించకుండా బొమ్మలో కంటికి ఆనని మార్పులు చేస్తుంది, రెండోది ట్రైనింగ్‌నే చెడగొట్టాలని చూస్తుంది. వాడండి, తప్పులేదు. శాశ్వతమైన తాళం అనుకోకండి.

రెండోది ఇతరుల ముఖాల సంగతి. డేటాసెట్ల (ఏఐకి నేర్పడానికి వాడే సేకరణల) అన్యాయాన్ని చూపించడానికి ఆ డేటాసెట్లలోని ఫొటోలనే గ్యాలరీ గోడకు ఎక్కిస్తే, వాళ్ల అనుమతి లేకుండా ఇంకోసారి వాడినట్టే కదా? పాగ్లెన్, క్రాఫోర్డ్‌ల ప్రదర్శన మీద కూడా ఈ విమర్శ వచ్చింది, న్యాయమైన విమర్శే. నేను అందుకే సొంత ఆల్బం వాడాను. మీకు తెలిసినవాళ్లను అడిగి, ఎలా వాడతారో చెప్పి, కాదంటే ఊరుకోండి. వెబ్‌సైట్ల నుంచి మూకుమ్మడిగా ఫొటోలు దించుకునే పని పెట్టుకుంటే మీ దేశపు చట్టం, ఆ సైటు నిబంధనలు చదివిన మనిషితో ముందే మాట్లాడండి.

ఇక బొమ్మలు పుట్టించే ఏఐ. మీకు దీని మీద టెన్షన్ ఎక్కువగా ఉన్నట్టుంది, నాకూ ఉంది. 2022 ఆగస్టులో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ ట్రైనింగ్‌కు మూలం లాయాన్-5బి అనే సేకరణ. అందులో సుమారు 585 కోట్ల బొమ్మల లింకులు, వాటి పక్కన రాసిన మాటలు ఉన్నాయి. ఆర్టిస్టులను ఎవరూ అడగలేదు. 2023 జనవరిలో కెల్లీ మెకర్నన్, కార్లా ఓర్టిజ్, సారా ఆండర్సన్ అనే ముగ్గురు ఆర్టిస్టులు దాన్ని తెచ్చిన స్టెబిలిటీ ఏఐతో పాటు ఇంకో రెండు కంపెనీల మీద అమెరికాలో కేసు వేశారు. అలాంటి మోడల్‌ను మీ పనిలో వాడాలా అంటే, నా అభిప్రాయం గట్టిదే: ఆ సేకరణే మీ విషయం అయితే వాడండి, వాడిన సంగతి పని పక్కనే రాయండి. పని త్వరగా అవుతుందనో బొమ్మ మెరుస్తుందనో అయితే వద్దు. విమర్శ అని పేరు పెట్టి తోటి ఆర్టిస్టుల శ్రమను అడక్కుండా వాడుకోవడం నాకు మింగుడుపడదు.

ఇంకో దారి ఉంది. అన్నా రిడ్లర్ 2018లో ‘మిరియడ్ (టులిప్స్)’ కోసం 10,000 టులిప్ పూల ఫొటోలు తనే తీసి, ఒక్కోదాని మీద రంగు, చార, విచ్చిన తీరు వగైరా చేతిరాతతో రాశారు. ఆ ఫొటోలనే గోడ మీద పెట్టారు. వాటితోనే మోడల్ ట్రైన్ చేసి వేరే వీడియో పని కూడా చేశారు. డేటా అంటే గాలిలోంచి రాదని, ఒకరి నడుము నొప్పితో, ఒకరి సందేహాలతో వస్తుందని ఆ గోడ ముందు నిలబడితే తెలుస్తుంది. తెలుపుకూ లేత గులాబీకీ మధ్య గీత ఎక్కడ గీయాలి అన్న సందేహం కూడా ఒక నిర్ణయమే. మీరు బొమ్మలు వేసేవాళ్లు కాబట్టి, మీ పాత స్కెచ్‌బుక్కులన్నీ స్కాన్ చేసి చిన్న డేటాసెట్ కట్టుకోవచ్చు. ఫలితం నున్నగా రాదు. రాకపోతేనే చూసేవాళ్లకు అతుకులు కనబడతాయి.

ఇలాంటి పనుల వల్ల ఏమైనా మారుతుందా అని మీరు అడగలేదు గానీ, మనసులో ఉండే ఉంటుంది. జాయ్ బులాంవీని అనే పరిశోధకురాలి సంగతి చూడండి. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో చదువుకుంటూ, అద్దంలో చూసుకునేవాళ్ల ముఖం మీద వేరే బొమ్మ పడేలా ఒక కళాత్మకమైన ప్రాజెక్టు చేస్తున్నారు. ఫేస్ డిటెక్షన్ ఆవిడ నల్లని ముఖాన్ని పట్టుకోలేదు. తెల్ల మాస్క్ పెట్టుకుంటే పట్టుకుంది. దాన్ని అక్కడితో వదిలేయకుండా, టిమ్నిట్ గెబ్రూ అనే మరో పరిశోధకురాలితో కలిసి 2018లో కొలిచి చూపించారు. ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లలో, తెల్ల మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు, నల్లటి స్త్రీల విషయంలో ఒకదానిలో 34.7 శాతం దాకా వెళ్లాయి. అదే ఏడాది ఆవిడ దాని మీద కవిత చదివి వీడియో చేశారు. పరిశోధన పత్రం చదవనివాళ్లు ఆ వీడియో చూశారు. 2020లో ఐబీఎం సాధారణ ఫేస్ రికగ్నిషన్ వ్యాపారం నుంచి తప్పుకుంది, అమెజాన్ పోలీసులకు ఇవ్వడం ఆపింది. దాని వెనక ఆ ఏడాది జరిగిన పెద్ద నిరసనలు ఉన్నాయి, ఎంతోమంది కార్యకర్తల పని ఉంది. ఆ మాస్క్, ఆ కవిత వాళ్లందరి చేతికీ చూపించడానికి ఒక వస్తువును ఇచ్చాయి. ఒక ఆర్టిస్టు ఇవ్వగలిగింది అది, దాన్ని తక్కువగా చూడకండి.

మీ సిరీస్‌కు నా సలహా. ఫీడ్ మీ బొమ్మలను మార్చిందని అంటున్నారు కదా, ఎక్కడ మార్చిందో వెతకండి. పాత బొమ్మలన్నీ తేదీల వరుసలో నేల మీద పరచండి. రంగులు ఎప్పుడు ముదిరాయి, ముఖాలు ఎప్పుడు పెద్దవయ్యాయి, చిన్న తెర మీద బాగా కనబడాలని నేపథ్యం ఎప్పుడు ఖాళీ అయింది, చతురస్రంలో ఇమడాలని కాగితం ఎప్పుడు కత్తిరించారు. ఏ బొమ్మకు లైకులు రాలేదని ఆ దారి వదిలేశారు. అందులోంచి ఒక్కదాన్ని మాత్రమే ఎంచుకోండి. ఉదాహరణకు వదిలేసిన దారినే తీసుకుని, ఆనాటి నుంచి ఈనాటి దాకా మీరు వేసి ఉండాల్సిన బొమ్మలను ఇప్పుడు వేయవచ్చు. అలా చేస్తే మీకు కోడ్ అక్కర్లేదు. లేదా మీ బొమ్మ పెట్టినప్పుడు కాగితం అంచులు ఎంత మేర తెగిపోతున్నాయో, ఆ తెగిన భాగాలను మాత్రమే ఫ్రేము కట్టి పెట్టవచ్చు. ఇవి మీకోసం కొలిచినవి కావు, మీ దగ్గర ఇంతకన్నా మంచివి ఉంటాయి.

పని తయారయ్యాక, టెక్నాలజీ గురించి ఏమీ తెలియని ఒకరిని దాని ముందు నిలబెట్టండి. పక్కన వివరణ కాగితం పెట్టకండి. ఏమీ తాకకపోతే కాగితాన్ని పొడిగించకండి, పనిని మార్చండి. ఈ రంగంలో గోడ మీద బొమ్మ చిన్నదిగా, పక్కన రాత పెద్దదిగా ఉన్న ప్రదర్శనలు చాలా చూశాను. ఇంటికి వచ్చాక ఒక్కటీ గుర్తుండలేదు.

ఆఖరుగా, ఈ సిరీస్‌ను అదే ఫీడ్‌లో పెట్టాలా అని మీ ప్రశ్న చివర్లో ఉంది. పెట్టండి, మిమ్మల్ని చూసేవాళ్లు అక్కడే ఉన్నారు. కానీ మొత్తం సిరీస్ పూర్తయ్యాకే పెట్టండి, ఒక్కొక్కటిగా వద్దు. మధ్యలో పెడితే రెండో బొమ్మ ఎలా ఉండాలో మొదటి బొమ్మకు వచ్చిన లైకులే చెబుతాయి. పూర్తయ్యే దాకా ముగ్గురో నలుగురో నమ్మకమైనవాళ్లకు కాగితం మీదే చూపించండి. అందులో ఒకరైనా మీ పని నచ్చకపోతే ఆ మాట ముఖం మీదే చెప్పగలిగినవాళ్లు అయి ఉండాలి.